అనుభవజ్ఞులైన తీర్పరులు: ఎవరి అనుభవం?

అవార్డుల మీద విమర్శ రాస్తే అసూయతో రాశాడనే అంటారు. బహుమతి రానివాడే బహుమతిని తిడతాడని మన మేధావుల్లో ఒక స్థిరమైన నమ్మకం. ఈ నమ్మకంలో ఒక సౌకర్యం ఉంది. వచ్చినవాడు ఎట్లాగూ నోరెత్తడు, రానివాడు ఎత్తితే అది అసూయ. ఇక తీర్పరిని నిలదీసే మనిషే మిగలడు. సాహిత్యంలో ప్రమాణాలు ఎవరు పెట్టారు, ఎవరి కోసం పెట్టారు అని దళితులు అడిగినప్పుడు కూడా ఇదే నింద ఎదురైంది. అదే ప్రశ్న ఇప్పుడు బడి దగ్గరికి తీసుకుపోవాల.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఊళ్లల్లో ఏప్రిల్, మే నెలల్లో తిరిగితే ప్రతి కూడలిలో ప్రైవేటు బడుల ఫ్లెక్సీలే. టెక్నో, ఈ-టెక్నో, ఒలింపియాడ్, ఇంటర్నేషనల్. రాష్ట్ర సిలబస్ చెప్పే బడికి కూడా ఇంటర్నేషనల్ పేరే. కరస్పాండెంటుగారు ఏదో ఐదు నక్షత్రాల హోటల్లో ట్రోఫీ అందుకుంటున్న ఫొటో ఒకటి ఉంటుంది. దాని కింద అనుభవజ్ఞులైన విద్యావేత్తల బృందం ఎంపిక చేసింది అనే అర్థం వచ్చే వాక్యం ఒకటి ఉంటుంది. ఫీజు ఎంతో ఉండదు. ఆ వాక్యం ఎవరి కోసం రాసిందో ఆలోచించండి. చదువుకున్న తల్లిదండ్రులకు అది అక్కరలేదు, వాళ్లు లోపలికి పోయి ప్రిన్సిపాల్‌తో ఇంగ్లీషులో మాట్లాడి తేల్చుకుంటారు. ఆ వాక్యం మగ్గం మీద కూలికి నేసేవాళ్ల కోసం, పొద్దున బండెక్కి బెంగుళూరు పనికి పోయేవాళ్ల కోసం, పిల్లోడి రిపోర్టు కార్డు మీద వేలిముద్ర వేసే మా అమ్మలాంటి వాళ్ల కోసం. తాము తీర్పు చెప్పలేమని నమ్మించబడిన వాళ్లకు వేరొకరి తీర్పు అమ్ముతారు. అవార్డు చేసే మొదటి పని ఇది.

డబ్బులు కట్టించుకుని ట్రోఫీలు పంచే కంపెనీల గురించి రాయడం తేలిక. నామినేషన్ ఫీజు అంటారు, ప్రకటన పేజీ అంటారు, విందులో టేబుల్ అంటారు. వాటిని వదిలేద్దాం. దొంగ తీర్పరి గురించి అందరికీ తెలుసు. నన్ను వేధించే మనిషి నిజాయితీగల తీర్పరి.

నిజాయితీగానే నడిచే వాటిని తీసుకుందాం. బ్రిటిష్ కౌన్సిల్ వాళ్ల ఇంటర్నేషనల్ స్కూల్ అవార్డు బ్రిటన్‌లో 1999లో మొదలై, మన దేశానికి 2003లో వచ్చింది. బడి ఏడాది పొడుగునా వేరే దేశాల బడులతో కలిసి కొన్ని ప్రాజెక్టులు చెయ్యాల్సి ఉండేది. ముందు కార్యాచరణ ప్రణాళిక, చివర్న ఏం ఫలితం వచ్చిందో నివేదిక పంపాల్సి ఉండేది. దాన్ని చూసి గుర్తింపు ఇచ్చేవాళ్లు, అది మూడేళ్లు చెల్లేది. బ్రిటన్‌లోనే ఐఎస్‌సీ రీసెర్చ్ అనే సంస్థ ప్రపంచంలోని అంతర్జాతీయ పాఠశాలలకు అవార్డులు ఇస్తూ వచ్చింది, అక్కడ తీర్పరులు ఆ రంగంలోనే పండిన అధ్యాపకులు. మన దేశంలో ఎడ్యుకేషన్ వరల్డ్ పత్రిక 2007 నుంచి బడులకు ర్యాంకులు కట్టి సన్మానాలు చేస్తున్నది. సర్వే సీ ఫోర్ అనే సంస్థ చేస్తూ వచ్చింది. ప్రిన్సిపాళ్లను, టీచర్లను, పెద్ద తరగతుల పిల్లలను, ఫీజు కట్టే తల్లిదండ్రులను అడుగుతారు. ఏ తల్లిదండ్రులు? సామాజిక ఆర్థిక వర్గీకరణలో 'ఏ' తరగతివాళ్లు. ఇందులో దాపరికం ఏమీ లేదు, వాళ్లే అచ్చు వేసి చెప్తారు. దాపరికం లేకపోవడమే నాకు ఆశ్చర్యం. 'ఏ' తరగతి అభిప్రాయాన్ని దేశం అభిప్రాయం అని చెప్పడానికి ఎవరికీ మొహమాటం అనిపించదు.

వాళ్ల కొలమానాల పట్టికలో అధ్యాపకుల సామర్థ్యం, నాయకత్వం, క్రీడలు, భవనాలు, అంతర్జాతీయత, సమాజ సేవ, కట్టిన డబ్బుకు తగిన ఫలం, ఇట్లా పదికి పైగా ఉంటాయి. వికలాంగులైన పిల్లల చదువుకూ ఒక గడి ఉంది, అది మంచిదే. కులానికి గడి లేదు. బడిలో ఏ కులం పిల్లలు ఎందరు, ఏ కులం టీచర్లు ఎందరు, మరుగుదొడ్లు కడిగే మనిషిది ఏ కులం, ఆమెకు జీతం ఎంత, ఇవేవీ నాణ్యతలోకి రావు.

నిజానికి జ్యూరీ చూసేది బడిని కాదు. ఫైలును చూస్తుంది. ఈ సంగతి పైకి చిన్నగా కనపడుతుంది గానీ కిటుకంతా అందులోనే ఉంది. దరఖాస్తు ఇంగ్లీషులో రాయాల, ఫొటోలు, వీడియోలు, ఆధారాలు జతచెయ్యాల. ఏది ఆధారమో, దాన్ని ఏ మాటల్లో చెప్తే తీర్పరికి నచ్చుతుందో ముందే తెలిసుండాల. పెద్ద బడుల్లో ఈ పనికే ఒక మనిషి ఉంటాడు. దళితవాడలో ఇద్దరు టీచర్లతో నడిచే బడిలో ఒకరు సెలవు పెడితే రెండోవాళ్లు ఐదు తరగతులూ చూసుకోవాల. మధ్యాహ్న భోజనం లెక్కలు రాయాల, యాప్‌లో ఫొటోలు పెట్టాల. ఆ టీచరు ఎవరూ రానంటున్న పిల్లను ఇంటికి పోయి పిల్చుకొచ్చింది. పత్తి చేలోకి పోయిన పిల్లోణ్ణి ఆర్నెల్లు వెంటబడి మళ్లీ పలక పట్టించింది. అది ఏ ఫైలులో ఉంది? అక్షరాల్లోకి ఎక్కని పని జ్యూరీ ముందు జరగని పనే. మన పాటలు, మన కథలు పుస్తకాల్లో లేవు కాబట్టి మాదిగలకు సాహిత్యమే లేదని ఒకప్పుడు తేల్చిన తర్కమూ ఇదే.

అట్లాగని ఆ ఫైళ్లలో మనం లేమా? ఉన్నాం. సమాజ సేవ అనే గడిలో ఉన్నాం. చక్కటి యూనిఫారం వేసుకున్న పిల్లలు బస్సు దిగి మన వాడకు వస్తారు. నోటు పుస్తకాలు పంచుతారు, చేతులు కడుక్కోవడం ఎట్లాగో మన పిల్లలకు నేర్పిస్తారు, చెట్టు నాటుతారు. ఫొటో తీసుకుంటారు. ఫొటోలో మన పిల్లలు చెయ్యి చాపి ఉంటారు. సానుభూతి నేర్పించిన బడిగా ఆ బడికి మార్కులు పడతాయి. నీళ్లు రాని కొళాయి ముందు చేతులు ఎట్లా కడుక్కోవాలో ఆ పిల్లలకు మన పిల్లలు చెప్పి ఉంటే అదీ ఒక పాఠమే, కానీ దానికి గడి లేదు. ఇక్కడొక చట్టం సంగతి చెప్పాల. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ప్రైవేటు బడుల్లో ఒకటో తరగతిలో నాలుగో వంతు సీట్లు పేద, బలహీన వర్గాల పిల్లలకు ఇవ్వాలని 12వ సెక్షన్ చెప్తుంది. సుప్రీంకోర్టు 2012లో దాన్ని సమర్థించింది. ఆంధ్రప్రదేశ్‌లో అది 2022–23 విద్యా సంవత్సరం దాకా కదల్లేదు. ఆ నాలుగో వంతులో ఎస్సీలకు 10 శాతం. అదే పిల్లోడు బడి లోపల బెంచీ మీద కూర్చుంటే హక్కు, వాడలో చెయ్యి చాపితే సేవ. అవార్డు పట్టికలో మార్కులు రెండోదానికి ఉన్నాయి.

ఇప్పుడు అసలు మాటకొద్దాం. అనుభవజ్ఞులైన విద్యావేత్తలు అంటే ఎవరు? ఇరవై ముప్పై ఏళ్లు ప్రిన్సిపాల్‌గా, డైరెక్టర్‌గా, బోర్డు సలహాదారుగా పనిచేసినవాళ్లు. వాళ్ల అనుభవాన్ని తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. తరగతి గదిని చూడగానే టీచరు భయంతో చెప్తున్నాడా ప్రేమతో చెప్తున్నాడా అని పసిగట్టేవాళ్లు వాళ్లల్లో ఉంటారు. కానీ ఈ అనుభవం అనే మాట మనకు కొత్త కాదు. తొంభైల్లో దళిత సాహిత్యం మీద జరిగిన వాదమంతా దాని చుట్టూనే తిరిగింది. దళితులే దళిత సాహిత్యం రాయాలా, సానుభూతి ఉంటే చాలదా అని అడిగారు. మనం అనుభవం అన్నప్పుడు అది సంకుచితత్వం అయింది. స్వీయానుభవం కళ కాదు, దానికి దూరం కావాల, సార్వజనీనత కావాల అన్నారు. అదే అనుభవం అనే మాట జ్యూరీ సభ్యుడి పేరు పక్కన చేరగానే అర్హత అయిపోయింది. మన అనుభవం పక్షపాతం, వాళ్ల అనుభవం ప్రమాణం.

బడిని కింది నుంచి చూసిన అనుభవం ఒకటుంది. వెనక బెంచీ అనుభవం, ఎస్సీ హాస్టల్ అనుభవం, స్కాలర్‌షిప్ ఎప్పుడొస్తుందో నోటీసు బోర్డు దగ్గర నిలబడి చూసిన అనుభవం. హాస్టల్లో పదిహేనేళ్లు చేసిన వార్డెన్‌కు, వంటామెకు, ఇంట్లో మొదటిసారి అక్షరం నేర్చిన మనిషికి ఒక బడి మంచిదా చెడ్డదా అని చెప్పే పద్ధతి వేరేగా ఉంటుంది. అంబేడ్కర్ చిన్నప్పుడు సతారా బడిలో గోనెపట్టా మీద విడిగా కూర్చున్నాడు, ప్యూను వచ్చి పోస్తే తప్ప నీళ్లు లేవు. ఆ బడికి అప్పట్లో ఏ అనుభవజ్ఞుల బృందం వచ్చినా క్రమశిక్షణ బాగుంది అనే రాసిపోయేది. గోనెపట్టా వాళ్ల కంట్లో పడేది కాదు. పడినా అది బడి నాణ్యతకు సంబంధించిన విషయం అనిపించేది కాదు.

ఈ సంగతి మనకంటే ముందు ఫూలే చూశాడు. 1882లో హంటర్ కమిషన్‌కు ఇచ్చిన వాఙ్మూలంలో ఆయన ప్రాథమిక బడుల టీచర్లు దాదాపు బ్రాహ్మణులేనని, కష్టం చేసుకునే కులాలనుంచి టీచర్లను తయారుచెయ్యాలని అన్నాడు. తనిఖీ ఏడాదికి ఒకసారి కాదు, తరచుగా జరగాలని, ముందు చెప్పకుండా కూడా పోవాలని అడిగాడు. ఎవరు చెప్తున్నారు, ఎవరు చూస్తున్నారు, ఎప్పుడు చూస్తున్నారు అనే మూడు ప్రశ్నలూ అందులోనే ఉన్నాయి. అదే కాలంలో మద్రాసు ప్రెసిడెన్సీలో, అంటే మన అనంతపురం జిల్లా కూడా భాగమైన చోట, ఫలితాలను బట్టి బడులకు గ్రాంటు ఇచ్చే పద్ధతి నడిచింది. ఇన్‌స్పెక్టరు వచ్చి పిల్లల్ని పరీక్షించి పాసైన తలకు ఇంత అని రాసేవాడు. అది కఠినమైన పద్ధతే. అయినా ఇన్‌స్పెక్టరు కనీసం బడికి వచ్చేవాడు.

పెద్దచదువుల్లో తీర్పరులు ఇప్పటికీ వస్తారు. వస్తే ఏమవుతుందో 2025 ఫిబ్రవరిలో చూశాం. గుంటూరు జిల్లాలోని ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయానికి గ్రేడు ఇచ్చే విషయంలో లంచం తీసుకున్నారనే కేసులో న్యాక్ తనిఖీ బృందం సభ్యులను సీబీఐ అరెస్టు చేసింది. వాళ్లల్లో వైస్ ఛాన్సలర్ ఉన్నాడు, పేరున్న కేంద్ర విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ ఉన్నాడు. అనుభవానికి కొదవలేదు. పత్రికలు దాన్ని అవినీతి అని రాసి ఊరుకున్నాయి. కోర్టు తేల్చేది తేలుస్తుంది.

నాకు దానికన్నా భారమైన ఉదాహరణ ఇంకొకటి ఉంది. అందులో లంచం లేదు, దొంగ ఫైలు లేదు. కేంద్ర విశ్వవిద్యాలయాలకు రాష్ట్రపతి ఇచ్చే విజిటర్స్ అవార్డు మొట్టమొదటిసారి 2015లో ఇచ్చారు. ఉత్తమ విశ్వవిద్యాలయం అవార్డు హైదరాబాద్ యూనివర్సిటీకి వచ్చింది. ఫిబ్రవరిలో రాష్ట్రపతి భవన్‌లో అందుకున్నారు. 2016 జనవరి 17న, ఏడాది తిరక్కుండానే, అదే ఆవరణలో రోహిత్ వేముల చనిపోయాడు. అప్పటికి హాస్టల్ నుంచి వెలివేయబడిన ఐదుగురు దళిత పరిశోధక విద్యార్థుల్లో అతనొకడు. పరిశోధనా వ్యాసాల లెక్క, పేటెంట్ల లెక్క, విదేశీ ఒప్పందాల లెక్క అన్నీ నిజమే అయివుంటాయి. తీర్పరులు తప్పు లెక్క కట్టలేదు. వాళ్ల పట్టికలో వెలివాడకు చోటు లేదు, అంతే. ఆ క్యాంపస్‌లో విద్యార్థులు గుడారం వేసి దానికి వెలివాడ అని పేరు పెట్టినప్పుడు అదీ ఒక మూల్యాంకనమే. అది ఏ జ్యూరీ చెయ్యనిది.

మన ప్రాంతంలోనే ప్రతిభ అనే మాటకు పేరుపడిన బడి ఒకటుంది. హిందూపురం పక్కన కొడిగెనహళ్లి గురుకులం. 1971లో తెలంగాణలో సర్వేల్, 1972లో కోస్తాలో తాడికొండ, సీమలో కొడిగెనహళ్లి. పదో తరగతికి రాష్ట్ర ర్యాంకులు ప్రకటించిన కాలంలో ఈ పేర్లు ఏటా పత్రికల్లో వచ్చేవి. పల్లెల్లోని పేద పిల్లలకు ప్రభుత్వం తిండి పెట్టి, బట్ట ఇచ్చి, మంచి టీచర్లను ఇస్తే ఏమవుతుందో ఆ బడులు చూపించాయి. లేపాక్షిలో నవోదయ విద్యాలయ ఉంది. ఎనభైల నుంచి సాంఘిక సంక్షేమ గురుకులాలు వచ్చాయి. 2014 మేలో ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్‌కుమార్ ఆ సంక్షేమ గురుకులాల పిల్లలే. అయితే ఇక్కడ మనల్ని మనమే ప్రశ్నించుకోవాల. ప్రవేశ పరీక్ష పెట్టి వందల్లో ఒకణ్ణి ఏరుకున్నాక, ఆ ఒకడు గెలవడం బడి ఘనతా, ఏరుకోవడంలోని ఘనతా? ఆ పరీక్ష రాయడానికి కూడా ఎవరో ఒక టీచరు ఆ పిల్లోడి చెయ్యి పట్టుకుని దరఖాస్తు నింపివుండాల. ఆ టీచరు పేరు ర్యాంకులో రాదు. మాలల్లో, మాదిగల్లో ఎవరికి ఆ టీచరు దొరికాడు, ఎవరికి దొరకలేదు అనే లెక్క కూడా తియ్యాల. గురుకులాన్ని పొగిడే మన వ్యాసాలు ఆ లెక్క తియ్యడంలేదు.

అంతర్జాతీయత సంగతి. పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీకి 2017లో ఒప్పందం జరిగింది, 2019లో కార్లు బయటికొచ్చాయి. విజయనగర రాజుల కోట కింద ఇప్పుడు కొరియా అక్షరాల బోర్డులు. ధర్మవరం పట్టు దేశాలు దాటి పోతుంది. హిందూపురంలో ఒకే వీధిలో తెలుగు, కన్నడం, ఉర్దూ మూడూ వినపడతాయి. ఒక దళిత పిల్ల ఈ మూడూ మాట్లాడుతూ బడికొస్తే ఆమెకు భాష రాదంటారు, ఎందుకంటే ఇంగ్లీషు రాదు. బడి అవార్డులో అంతర్జాతీయత అంటే వేరే దేశపు బడితో వీడియో కాల్, ఆ దేశపు జెండా, ఆ దేశపు వంట. కానీ మనకూ ఒక అంతర్జాతీయత ఉంది. 1946లో అంబేడ్కర్ అమెరికాలోని నల్లజాతి మేధావి డుబాయిస్‌కు ఉత్తరం రాశాడు. ఐక్యరాజ్యసమితికి నల్లవాళ్లు ఇచ్చే అర్జీ గురించి అడిగాడు, డుబాయిస్ జవాబు రాశాడు. 1972లో, కొడిగెనహళ్లి బడి తెరిచిన ఏడే, బొంబాయిలో కుర్రాళ్లు బ్లాక్ పాంథర్లను చూసి దళిత్ పాంథర్స్ అని పేరు పెట్టుకున్నారు. 2001లో డర్బన్ జాత్యహంకార వ్యతిరేక సదస్సులో కులం గురించి చర్చించాలని దళితులు పట్టుబట్టారు, అది మా ఇంటి విషయం అని భారత ప్రభుత్వం అడ్డుపడింది. ఇంతకన్నా అంతర్జాతీయమైన పాఠం పదో తరగతి పిల్లలకు ఏం చెప్తారు? ఈ పాఠంతో ప్రాజెక్టు పంపే ఇంటర్నేషనల్ స్కూలు ఒక్కటి కనపడితే నేనే పోయి ఆ ప్రిన్సిపాల్‌కు దండం పెట్టొస్తాను.

దీన్నిబట్టి నేను ఇంగ్లీషుకు, అంతర్జాతీయ చదువుకు వ్యతిరేకినని ఎవరూ అనుకోవద్దు. ఇంగ్లీషు మనకు కావాల. గట్టిగా కావాల. తమ పిల్లల్ని కాన్వెంటుకు పంపి మన పిల్లలకు మాతృభాష మహిమ చెప్పే పెద్దల మాట ఈ వ్యాసానికి పనికిరాదు. 2024 జనవరి 31న అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జెనీవా కేంద్రమైన ఐబీ సంస్థతో ప్రభుత్వ బడుల కోసం ఒప్పందం చేసుకుంది. సర్కారు బడి పిల్లలకు ఐబీ ఎందుకు అని ఎగతాళి చేసినవాళ్లల్లో చాలామందికి, బెంగుళూరు విమానాశ్రయం దారిలో లక్షలు కట్టి అదే ఐబీ చదివే పిల్లల మీద ఏ ఎగతాళీ లేదు. ఆ ఏడు ఎన్నికల్లో ప్రభుత్వం మారింది, ఒప్పందం తరగతి గదికి రాకుండానే పోయింది. టీచర్లను తయారుచెయ్యకుండా సంతకం ముందు పెట్టినవాళ్లనూ అడగాల. కానీ పేద పిల్లలకు ఏది తగదో చెప్పే హక్కు ఎవరిచ్చారని ఎగతాళి చేసినవాళ్లను ముందు అడగాల. అదీ ఒక జ్యూరీనే. దానికి మాత్రం ట్రోఫీలు లేవు.

ప్రభుత్వ అవార్డులు ఇంకో కథ. జాతీయ ఉపాధ్యాయ అవార్డులు 1958లో మొదలయ్యాయి. 2018లో పద్ధతి మార్చారు. టీచరు తన పేరు తానే ఆన్‌లైన్లో పెట్టుకోవాల. వందల్లో ఉన్న అవార్డులను యాభై లోపుకు తగ్గించారు. జిల్లా కమిటీలో డీఈవో, రాష్ట్ర ప్రభుత్వ ప్రతినిధి, కలెక్టరు నియమించే పేరున్న విద్యావేత్త ఒకరు ఉంటారు. పాత పద్ధతిలో సిఫారసు రాజకీయం ఉండేది, దాన్ని తీసేయడం మంచిదే. కానీ తన గొప్ప తాను రాసుకోవడం మన టీచర్లకు అంత సులభంగా రాదు. తరతరాలుగా చేతులు కట్టుకుని నిలబడిన ఇండ్లనుంచి వచ్చినవాళ్లు 'నేను ఇది సాధించాను' అని ఉత్తమ పురుషలో రాయాలంటే కలం ఆగుతుంది. ఎవరైనా రాసిస్తే సంతకం పెడతారు. స్వీయ నామినేషన్ అందరికీ సమానంగా తలుపు తెరిచిందనుకోవడం, గుడి తలుపు అందరికీ తెరిచే ఉంది, రానివాళ్లదే తప్పు అన్నట్టు ఉంటుంది.

ఇప్పుడు మన చేతిలో ఉన్న పని గురించి. శ్రీ సత్యసాయి జిల్లాలో కలెక్టరు నియమించే ఆ 'పేరున్న విద్యావేత్త' స్థానంలో హాస్టల్ వార్డెన్‌గా చేసి రిటైరైన దళిత మహిళ ఎందుకు ఉండకూడదని రాతపూర్వకంగా అడగొచ్చు. సమాచార హక్కు చట్టం కింద ఈ మూడు ఊళ్లల్లో ఇంటర్నేషనల్ అని పేరు పెట్టుకున్న ప్రతి బడిలో ఒకటో తరగతి సీట్లెన్ని, అందులో 12వ సెక్షన్ కింద చేరిన ఎస్సీ పిల్లలెందరు, వాళ్లల్లో రెండో తరగతికి వచ్చినవాళ్లెందరు అని విద్యాశాఖను అడగొచ్చు. ఆయాల జీతం రిజిస్టరు కార్మిక శాఖ దగ్గర అడగొచ్చు. దరఖాస్తు ఫీజు 10 రూపాయలు, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు అదీ లేదు. ఆ జవాబులు వచ్చాక వాటిని ఫ్లెక్సీ మీద ట్రోఫీ ఫొటో ఉన్నంత సైజులోనే అచ్చు వేయించాల, అడ్మిషన్లు మొదలయ్యేలోపల.